ఎర్రదారం ఎత్తుకి దించిన బండి

నేను ఏడో తరగతిలో బడి మానేశానని చెప్పుకుంటాను. మా మాస్టారు బతికున్నన్నాళ్లూ ఆ మాట ఒప్పుకోలేదు. ఆయన లెక్కలో బడే నన్ను మానేసింది. హౌరాలో టికియాపారా రైల్వే క్వార్టర్ల పక్కన మా బడి, కిటికీ పక్కన నా చోటు. రోడ్డు మీద ఏ బండి పోతే ఆ బండి చప్పుడు నోటితో చేసేవాణ్ణి. లారీ గేరు మార్చడం, టాక్సీ బ్రేకు కీచుమనడం, బస్సు సైలెన్సరు ఊడి రోడ్డు మీద ఈడ్చుకుపోవడం, అన్నీ వచ్చు నాకు. లెక్కలు తప్ప. ఒకరోజు మాస్టారు పాఠం ఆపి, తలుపు తీసి, "బాబూ, నీ లారీ వచ్చింది, ఎక్కు" అన్నారు. నేను నిజంగానే లేచి వెళ్లిపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే నాకు ఉద్యోగం చూపించిన మొదటి మనిషి ఆయనే.

ఇది చదివే మన కోల్‌కతా తెలుగు కుర్రాళ్లలో సగంమందికి తెలుగు మాట్లాడ్డమే గానీ చదవడం రాదని నాకు తెలుసు. మీ అమ్మచేత చదివించుకుని వినండి. బుష్ అన్న మాట దగ్గర ఆవిడ ఆగుతుంది. అప్పుడు మీరు చెప్పండి. అలా ఇంట్లో ఒకరికొకరు పనికొస్తారు.

బుష్ అంటే పెద్ద విషయమేం కాదు. చక్రాన్ని బండికి కలిపి ఉంచే ఒక ఇనప చెయ్యి ఉంటుంది, ఆర్మ్ అంటాం. ఆ చెయ్యి పైకీ కిందికీ ఆడాలి. అది బండిని పట్టుకునే చోట ఇనుముకీ ఇనుముకీ మధ్య ఓ రబ్బరు ముక్క పెడతారు. అదే బుష్. మోకాల్లో ఎముకకీ ఎముకకీ మధ్య మెత్తటిది ఉంటుంది చూడండి, అలాంటిది. అరిగితే మోకాలు ఎలా ఏడిపిస్తుందో బండీ అలాగే ఏడిపిస్తుంది. తేడా ఏమిటంటే బండికి నేను మార్చగలను.

మా గ్యారేజీ కోల్‌కతా వాట్‌గంజ్‌లో, ఓడలు ఆగే డాక్ గోడకి ఎదురుగా ఉన్న సందులో. పని నేర్పిన ఉస్తాద్ పోయాక అది మా ఇద్దరి చేతికి వచ్చింది. నేనూ, నాకంటే పదేళ్లు చిన్నవాడైన ఒక బెంగాలీ మేస్త్రీ. నేను అతన్ని "ఒరే" అంటాను, అతను నన్ను "దాదా" అంటాడు, అంటే అన్నా అని, ఇద్దరం ఒకరి పనిలో ఒకరం వంకలు పెడతాం. అతని చదువంతా ఫోన్‌లో వీడియోలు. థాయ్‌లాండ్‌లో ఎవడో బండి విప్పుతుంటే ఇక్కడ అన్నం మానేసి చూస్తాడు. మేం మాట్లాడుకునేది బెంగాలీ. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. అతని తిట్లు మాత్రం తెలుగులోకి రావు, వదిలేశాను.

ఉస్తాద్ మాకు విడిచిపెట్టిపోయిన ఆస్తి ఒకే ఒక్క నియమం. "గాల్లోనే బిగించు." అంటే బండిని లిఫ్ట్ మీదికి ఎత్తాక, మళ్లీ నేలకి దించేలోపు, ఒక్క నట్టు కూడా వదులుగా ఉండకూడదు. ఆయన కుర్రతనంలో ఎవరో ఒక టాక్సీకి నట్టు చేత్తో తిప్పి వదిలేసి టీకి వెళ్లాడట. వచ్చేసరికి టాక్సీవాడు బండి తీసుకుపోయాడు, చక్రం ఒకవైపు, టాక్సీ ఒకవైపు పోయాయి. ఆ తర్వాత మా గ్యారేజీలో గాల్లో బిగించకుండా బండి దించినవాడికి వీపు మీద ఉస్తాద్ చెయ్యి దిగేది. ఆయన చెయ్యికి బుష్ ఉండేది కాదు. నేరుగా తగిలేది.

ఇక బండి దించడం సంగతి. కుర్రాళ్లు వచ్చి "బండి కిందికి దించండి" అంటారు. పాత స్ప్రింగులు తీసి పొట్టివి వేస్తే బండి రోడ్డుకి దగ్గరగా, పాకే పులిలా కనిపిస్తుంది. వాళ్లకి అదో సరదా. కోల్‌కతా స్పీడుబ్రేకర్లకి ఆ పులి పొట్ట గీసుకుపోయి వారంలో మళ్లీ మా దగ్గరికే వస్తుంది. మాకూ అది సరదానే.

అలాంటి పని కోసం ఒకనాడు నది అవతల లిలువా నుంచి ఒకాయన వచ్చాడు. రైల్వే వర్క్‌షాపులో గుమస్తా, మనవాడే, నలభై దాటిన మనిషి. వచ్చింది ఎత్తయిన పెద్ద బండిలో.

"అన్నయ్యా, దీన్ని రెండంగుళాలు దించాలి."

"ఈ వయసులో రేసులకి బయల్దేరావా తమ్ముడూ?"

"నాకోసం కాదు. అమ్మకోసం."

నేను నవ్వబోయి ఆగాను. వెనక సీట్లో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. చిన్న మనిషి. నిజంగా చిన్న మనిషి. తలకట్టు అద్దం కింది అంచుకి కాస్త పైన కనిపిస్తోంది, అంతే. కిటికీ దగ్గరికి వెళ్లి, "దిగండమ్మా, కుర్చీ వేస్తాను" అన్నాను.

"దిగడం పెద్ద పనేటి, జారిపోతాను. మరి ఎక్కించీదెవరు? నువ్వు ఎత్తుతావేటి నన్ను, ఇంతమంది ముందర?"

అప్పుడు సంగతి మెల్లిగా బయటికొచ్చింది. ఆవిడ మోకాళ్లు రెండూ పోయాయి. భర్త రిటైరైన ఏడు ఇష్టపడి కొన్న బండి అది. ఆయన పోయారు, బండి ఉంది. అమ్మమంటే ఆవిడ ఒప్పుకోదు. అందులో ఆవిణ్ణి ఎక్కించాలంటే కొడుకు ఒక చెయ్యి, పక్కింటాయన ఒక చెయ్యి పట్టి ఎత్తాలి. లిలువాలో ఎక్కేటప్పుడు ముఖం మీదికి కొంగు లాక్కుంటుందట. పీట వేసి చూశారు, పీట జారింది. టాక్సీ చూశారు. కాలు లోపల పెట్టకముందే డ్రైవరు కదిలించాడు, అప్పట్నుంచి టాక్సీ మాటెత్తితే వినదు.

"అయితే ఇంట్లోనే ఉండొచ్చు కదా అనుకుంటావు నువ్వు" అంది ఆవిడ, నేను అనుకుంటున్న క్షణంలోనే.

ఇంట్లో ఉండడానికి వీల్లేని కారణం మా గ్యారేజీకి మూడు సందుల అవతలే ఉంది. ఆవిడ స్నేహితురాలు. ఇద్దరూ కొత్త పెళ్లికూతుళ్లుగా ఒకే రైల్లో హౌరాలో దిగారు. ఒకరు లిలువాకి, ఒకరు డాక్ పనివాడి ఇల్లాలిగా వాట్‌గంజ్‌కి. వాట్‌గంజ్ ఆవిడ పడి తుంటి విరిగి మంచం పట్టింది. ప్రతి ఆదివారం లిలువా ఆవిడ వెళ్లడం, మంచం మీదే పలక పెట్టుకుని ఇద్దరూ అష్టాచెమ్మా ఆడడం. ఇప్పుడు కొన్ని వారాలుగా వెళ్లలేదు. ఆట సగంలో ఆగింది. వాట్‌గంజ్ ఆవిడ ఆ పలక మంచం కింద పెట్టించి, కాయలు ఎక్కడివి అక్కడే ఉంచి, తుడవడానికి వచ్చే పిల్లని కూడా ముట్టుకోనివ్వడం లేదట.

"ఆ సందులో పెళ్లికూతుళ్లందరికీ నేనే రవికెలు కుట్టినాను నాయనా. ఆళ్లందరూ గుమ్మాల్లో నిలబడి సూత్తారు. ఆళ్ల ముందర బస్తాలాగ ఎత్తించుకోమంటావేటి? నేను రాను. అది నా దగ్గరికి రాలేదు. ఇంక దీనికి ముగింపేటి?"

నవ్వుతూనే అంది. కానీ నేను నవ్వలేదు.

తర్వాత ఆవిడ చేతికర్ర కిటికీలోంచి కొడుక్కి అందించింది. కర్రకి ఒక చోట ఎర్రదారం చుట్టి ఉంది. ఇంట్లో ఆవిడ మంచం ఎత్తు అది. ఆ ఎత్తులో ఏదున్నా ఎవరి చెయ్యీ లేకుండా కూర్చోగలదు, లేవగలదు. కొడుకు కర్రని బండి పక్కన నిలబెట్టాడు. దారం కింద ఉంది, సీటు పైన ఉంది. మధ్యలో రెండంగుళాలు.

నా నోరు ఊరుకోదు కదా. "అమ్మా, బండి దించడం పెద్ద పని. దానికంటే మీరే రెండంగుళాలు ఎదిగితే ఇవాళే అయిపోతుంది" అన్నాను.

కొడుకు ముఖం మాడిపోయింది. ఆవిడ మాత్రం నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నీ మాట దాసుంచుతాను నాయనా. జవాబు తీరిగ్గా ఇత్తాను" అంది.

పొట్టి స్ప్రింగులు తెప్పించాం. ఆర్మ్‌లు విప్పాం. పాత బుష్‌లు పగిలిపోయి ఉన్నాయి, ఎలాగూ మార్చాలి. అక్కడ మొదలైంది మా ఇద్దరికీ గొడవ.

మా మేస్త్రీ ఎర్రగా, మిఠాయిలా మెరిసే బుష్‌లు తీసుకొచ్చాడు. పాలీయురేతేన్. ఆ పేరు నేను పలికితే అతను ఇప్పటికీ నవ్వుతాడు, అందుకని పాలీ అంటాను.

"దాదా, దించిన బండికి ఇవే వెయ్యాలి. చెయ్యి కొత్త కోణంలో నిలబడుతుంది. రబ్బరు రెండువైపులా ఇనుముకి అతుక్కుని ఉంటుంది, చెయ్యి తిరిగితే అది మెలితిరుగుతుంది. రోజంతా మెలితిరిగే ఉంటే చిరుగుతుంది. పాలీ అతుక్కోదు, గొట్టం మీద జారుతుంది."

"ఒరే, అది నువ్వు థాయ్‌లాండ్‌లో చూసిన బండి. ఇది కిద్దర్‌పూర్ రోడ్డు మీద పోవాలి. ట్రాములు ఆగిపోయినా పట్టాలు ఉన్నాయి. ఆ గట్టి ముక్క వేస్తే ప్రతి దెబ్బా నేరుగా ముసలావిడ వెన్నుకి. రబ్బరు మింగేస్తుంది."

ఇప్పుడు చెప్పుకోవచ్చు, అతను చెప్పింది అక్షరం అక్షరం నిజం. నేను చెప్పిందీ నిజమే. ఇద్దరు సరైనవాళ్లు పోట్లాడుకుంటే పని ఎంత చెడిపోతుందో తర్వాత చూశాం.

వయసులో పెద్దవాణ్ణి కాబట్టి రబ్బరు వేశాం. ఉస్తాద్ చెప్పినట్టు గాల్లోనే, చక్రాలు కిందికి వేలాడుతుండగానే, అన్నీ బలం కొద్దీ బిగించాను. దించి కర్ర పెడితే దారానికి సీటు ఒక వేలు మందం పైనే ఉంది. "స్ప్రింగులు కొత్తవి కదా, సర్దుకుంటాయి" అన్నాను. ఈ మాట మా వృత్తిలో చాలా ఉపయోగం. ఏమీ తెలియనప్పుడు కొత్తదని చెప్పాలి, పాతదైతే పాతదని చెప్పాలి.

ఒక వేలు తేడాతో ఆవిడ ఎలాగో పళ్లు బిగించి ఎక్కింది. రెండు ఆదివారాలు వెళ్లింది. ఆట కదిలింది. తర్వాత బండి ముందునుంచి గుడ్‌గుడ్‌మని చప్పుడు. స్టీరింగు ఒకవైపు లాగుతోంది. ఎత్తి చూస్తే కొత్త రబ్బరు చుట్టూ చిరిగి ఉంది, తడిగుడ్డ పిండినట్టు మెలితిరిగి.

విచిత్రం ఏమిటంటే, రబ్బరు చిరిగిన ఆ రోజు బండి సరిగ్గా దారం ఎత్తుకి దిగి ఉంది. అప్పుడే నా బుర్రకి తట్టాలి. తట్టబోయింది కూడా. ఇంతలో టీ వచ్చింది.

"చూశావా?" అన్నాడు మా మేస్త్రీ. అంతే అన్నాడు, కానీ ఆ ఒక్క మాటా సాయంత్రం దాకా ముఖం మీదే ఉంచుకున్నాడు.

పాలీ వేశాం. అతనే వేశాడు, పాటలు పాడుకుంటూ, గ్రీజు పూసి. దించగానే సీటు దారానికి తాకినట్టు వచ్చింది. కొడుకు ఫోన్ చేసి అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కిందన్నాడు. మా మేస్త్రీ ఆ రోజు రెండు ప్లేట్లు బిర్యానీ తిన్నాడు, ఒకటి నా ఎదురుగా కూర్చుని.

ఆ తర్వాత వానలు మొదలయ్యాయి. కిద్దర్‌పూర్‌లో మోకాలు లోతు నీళ్లు నిలవడం కొత్తేం కాదు. ఆ నీళ్లలో తిరిగి తిరిగి పాలీ గొట్టాల్లో గ్రీజు కడుక్కుపోయింది. ఎండిన పాలీ ఎలా అరుస్తుందో తెలుసా? పాత ఇనప మంచం మీద లావుపాటి మనిషి అటునుంచి ఇటు దొర్లితే ఎలా ఉంటుంది, అలా. (నోటితో చేసి చూపించగలను, కాగితం మీద కుదరదు.) బండి సందు మొదట్లో ఉండగానే సందు చివర ఇంట్లోవాళ్లకి తెలిసిపోయేది, లిలువా ఆవిడ వస్తోందని. ఆ అరుపు ఆవిడ భరించింది, దాని మీద జోకులు కూడా వేసింది. భరించలేనిది ఇంకొకటి. ఒకటొకటిగా పట్టాలు, గుంతలు, డాక్ లారీలు తవ్వేసిన రాళ్లు, అన్నీ వెన్నులోకి కొట్టాయి. ఇంటికెళ్లి రెండు రోజులు మంచం మీంచి లేవలేదట.

కొడుకు ఫోన్‌లో మెల్లిగా చెప్పాడు. "అన్నయ్యా, అమ్మ ఈ ఆదివారం వద్దంది. వచ్చే ఆదివారం కూడా వద్దనే అనుకుంటున్నాను. మొదట ఎక్కలేకపోయింది. ఇప్పుడు ఎక్కగలదు, కూర్చోలేదు."

వాట్‌గంజ్ ఆవిడ ఇంటి పిల్ల మా గ్యారేజీ ముందునుంచే ట్యూషన్‌కి వెళ్తుంది. ఒకరోజు ఆగి, "మా నాన్నమ్మ అడగమంది. ఆట మళ్లీ ఆగిపోయింది, బండి ఎప్పుడవుతుంది?" అంది. మా మేస్త్రీ నేను చెబుతానని నన్ను చూశాడు. నేను అతను చెబుతాడని అతన్ని చూశాను. పిల్ల ఇద్దర్నీ చూసి వెళ్లిపోయింది.

సరే, మళ్లీ రబ్బరు వేద్దామన్నాను. అతను, "మళ్లీ చిరుగుతుంది దాదా" అన్నాడు. "చిరిగితే మళ్లీ వేద్దాం." "ఎన్నిసార్లు?" అయినా విప్పాం.

ఆ రోజు ఆవిడ కూడా వచ్చింది. పని అయ్యాక అటునుంచి అటే స్నేహితురాలి ఇంటికి వెళ్తానని పట్టుపట్టింది. నాలుగు తలుపుల చిన్న కారు ఎవరిదో ఆ ఒక్క పూటకి అడిగి తీసుకుని కొడుకు తీసుకొచ్చాడు. గ్యారేజీలో ప్లాస్టిక్ కుర్చీ మీద, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని, పని చూస్తూ కూర్చుంది.

"నువ్వు ఎక్కువ మాటాడతావు, ఆడు ఎక్కువ పనిసేత్తాడు" అంది నాతో, మా మేస్త్రీ వైపు చూపిస్తూ. అతనికి తెలుగు రాదు. అయినా అర్థమైంది, పళ్లు కనిపించేలా నవ్వాడు.

కొత్త రబ్బర్లు ఎక్కించాం. గాల్లోనే బిగించాను. బండి దించి, తోసి గొయ్యి మీదికి తెచ్చాం. గొయ్యి అంటే నేలలో మనిషి నిలబడేంత లోతున తవ్వింది, కిందికి దిగి బండి అడుగు చూడ్డానికి. కొడుకు కర్ర తీసుకుని పక్కన పెట్టాడు.

ఒక వేలు పైనే ఉంది. మళ్లీ.

మా మేస్త్రీ రెంచీ బల్ల మీద పెట్టేసి, "రబ్బరుకి ప్రాణం ఉంది దాదా. బండిని కింద నుంచి పట్టుకుని పైకి నెడుతోంది" అన్నాడు. ఎగతాళిగానే అన్నాడు. నాకు కోపం వచ్చింది. మళ్లీ లిఫ్ట్ ఎక్కించి విప్పుదామని బటన్ నొక్కి చూస్తే కరెంటు లేదు. బయట వాన.

"ఇక్కడే విప్పేస్తాను" అని టార్చి పట్టుకుని గోతిలోకి దిగాను. బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది, నేను కింద ఉన్నాను. ముప్పై ఏళ్లలో ఆర్మ్ బోల్టుని చక్రాలు నేల మీద ఉండగా నేనెప్పుడూ వదులు చెయ్యలేదు. ఉస్తాద్ వెనక నిలబడ్డట్టే వీపు దురద పెట్టింది. రెంచీ వేసి లాగాను.

గుక్‌మని ఒక చప్పుడు. బండి నా తల మీదికి దిగింది.

నేను అరిచిన అరుపు మా మాస్టారు విని ఉంటే మళ్లీ బళ్లో చేర్చుకునేవారు. మూడు బండ్ల చప్పుళ్లు కలిపి వచ్చాయి అందులో. చూసుకుంటే నాకేం కాలేదు. బండి పడలేదు. కూర్చుంది, అంతే. ఒక మూల, ఒక వేలు మందం.

"దాదా! బండి కూర్చుంది!" పైనుంచి మా మేస్త్రీ.

"ఎవులు కూర్సున్నారు?" కుర్చీలోంచి ఆవిడ.

ఇంకో వైపు బోల్టు వదిలాను. గుక్. అటూ కూర్చుంది. నేను గోతిలోంచి తల బయటపెట్టాను. మా మేస్త్రీ వంగి కిందికి చూస్తున్నాడు. ఇద్దరి ముఖాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి, ఇద్దరి నోళ్లూ తెరిచే ఉన్నాయి. ఎవరు ముందు చెప్పారో ఇప్పటికీ తగువే. అతను తానంటాడు. ఇది రాస్తున్నది నేను కాబట్టి నేనే చెప్పాను అని ఉంచుదాం.

చెప్పింది ఇది. చక్రం గాల్లో వేలాడినప్పుడు చెయ్యి బాగా కిందికి వంగి ఉంటుంది. అక్కడ బిగిస్తే రబ్బరు అదే తన చోటనుకుంటుంది. బండి నేలకి దిగగానే చెయ్యి పైకి లేస్తుంది, రబ్బరు మెలిపడుతుంది, చేతిని మళ్లీ కిందికి నెడుతూ బండిని పైకి పట్టుకుంటుంది. మామూలు బండికి ఆ మెలి కొంచెమే, ఏళ్లు గడిచాక చిరుగుతుంది, ఎవరూ గమనించరు. దించిన బండికి చెయ్యి ఇంకా పైకి పోతుంది, మెలి రెట్టింపు. వారాల్లో చిరిగిపోతుంది. తప్పు రబ్బరుది కాదు. మేం దానికి చెప్పిన చోటు తప్పు.

ఉస్తాద్‌ది తప్పనడానికీ నాకు నోరు రాదు. ఆయన నియమం పుట్టిన పాత పసుపు టాక్సీల్లో ఎక్కువభాగం ఇనుమూ గ్రీజే, వాటికి గాలైనా నేలైనా ఒకటే. బండ్లు మారాయి, మా వీపులు మాత్రం పాతవే.

"అయితే ఇక్కడే, నేల మీదే బిగించాలి" అన్నాను.

"బరువుతో" అన్నాడు మా మేస్త్రీ. "ఎప్పుడూ ఎవరు కూర్చుంటారో వాళ్లు కూర్చుని ఉండగా. ఖాళీ బండి ఒక ఎత్తు, మనుషులుంటే ఇంకో ఎత్తు. ఆవిణ్ణి ఎక్కమను దాదా."

నేను తెలుగులో చెప్పాను. ఆవిడ లేచింది. కర్ర పట్టుకుని బండి దగ్గరికి నడిచింది. కొడుకు అలవాటుగా చెయ్యి చాచాడు. ఆవిడ ఆ చేతిలో కర్ర పెట్టింది, పట్టుకొమ్మని. వెనక్కి తిరిగి, మంచం మీద కూర్చున్నట్టు, సీటు మీద కూర్చుంది. ఒక కాలు లోపల పెట్టుకుంది. రెండోది చేత్తో ఎత్తి పెట్టుకుంది. కొంగు ముఖం మీదికి రాలేదు.

కొడుకు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. నేను మళ్లీ గోతిలోకి దిగాను. బోల్టులన్నీ, మనుషులు పైన ఉండగా, ఒకదాని తర్వాత ఒకటి బిగిస్తుంటే పైనుంచి మాటలు వినిపిస్తున్నాయి.

"ఏటి నాయనా, కింద నిద్దరోయినావేటి?"

"బిగిస్తున్నానమ్మా. కదలకండి, మీరు కదిలితే లెక్క మారిపోతుంది."

"నేను కదిలితే లెక్క మారుతాదా? ఇన్నేళ్లకి ఒకడు ఒప్పుకున్నాడురా" అంది కొడుకుతో.

అన్నీ బిగించాను. మా మేస్త్రీ టార్చి తీసుకుని కిందికి దిగి, ప్రతి నట్టూ మళ్లీ తానే లాగి చూశాడు. ఆ విషయంలో మేమిద్దరం ఉస్తాద్ పిల్లలమే. అతను పైకెక్కి, "దిగమను, చక్రాలు సూటిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి" అన్నాడు.

"ఇప్పుడు దిగి మళ్లీ ఎక్కాలేటి?" అంది ఆవిడ. "అది మూడో సందులో ఉంది. నెమ్మదిగా పోనీయండి. సూటి అదీ రేపు సూసుకుందురు గాని."

మా మేస్త్రీ కొడుకుని పక్క సీట్లోకి జరిపి తానే నడిపాడు, మనిషి నడిచేంత మెల్లిగా. నేను గోతిలోనే ఉండిపోయాను, చేతిలో రెంచీతో. బండి నా నెత్తి మీంచి ముందుకి కదిలింది. బయట రోడ్డు మీది ట్రాము పట్టా ఎక్కి దిగింది. చప్పుడు లేదు. నేనెంత చెవి పెట్టి విన్నా, నోటితో చెయ్యడానికి ఏ చప్పుడూ దొరకలేదు.

పలక మీద ఆట ఆ రోజే ముగిసిందట. ఎవరు గెలిచారని ఇద్దర్నీ విడివిడిగా అడిగాను. ఇద్దరూ తామే అన్నారు.

ఇప్పుడు మీరు అడుగుతారు, రబ్బరా పాలీయా అని. కుర్రాళ్లు మలుపుల్లో బండిని కోసుకుంటూ తోలాలనుకుంటే, వానాకాలం ముందర గ్రీజు కొట్టించే ఓపిక ఉంటే, పాలీ వెయ్యండి. మా మేస్త్రీ తన సొంత బండికి అదే వేసుకున్నాడు, ఇప్పటికీ ఎర్రగా మెరుస్తోంది. ఇంట్లోవాళ్లని వెనక కూర్చోబెట్టుకుని ట్రాము పట్టాల మీద పోవాలంటే రబ్బరు. కానీ ఏది వేసినా ముందు అడగండి, దీంట్లో కూర్చునేదెవరని. మేం రెండుసార్లు బండిని చూసి బుష్ వేశాం, మనిషిని చూసి ఒక్కసారే వేశాం. ఇంతకంటే పెద్ద సలహా ఇచ్చే చదువు నాకు లేదు, ఆ లారీలో పోయింది.

ఆ తర్వాత మా గ్యారేజీలో ఓ అలవాటు పడింది. దించిన బండికి బోల్టులు బిగించే ముందు ఇంటిల్లిపాదినీ పిలిచి అందులో కూర్చోబెడతాం. కొంతమంది టిఫిను తెచ్చుకుని వస్తారు. గోతిలో ఉన్నవాడికీ ఒక పొట్లం అందుతుంది.

ఈమధ్య నేను పని మానేశాను. గోతిలో ఎక్కీ దిగీ నా మోకాళ్లు కూడా పోయాయి. పని మానేసిన వారమే లిలువా నుంచి కబురొచ్చింది, ఆదివారం భోజనానికి రమ్మని. వాట్‌గంజ్ నుంచి తిరిగి వెళ్తూ తామే ఎక్కించుకుంటామన్నారు. బండి వచ్చి ఆగింది. అదే బండి, అదే ఎత్తు. కొడుకు తలుపు తీశాడు. లోపల ఆవిడ, ఒళ్లో కర్ర, కర్రకి ఎర్రదారం.

నేను కుడికాలు ఎత్తాను. అది సగం దూరం వెళ్లి ఆగింది. ఎడమకాలు ఎత్తి చూశాను, అది అంత దూరం కూడా వెళ్లలేదు. తలుపు పట్టుకుని, సీటు పట్టుకుని, ఇంజను స్టార్టవనట్టు నోటితో రెండుసార్లు చప్పుడు కూడా చేశాను, ఎవరైనా నవ్వుతారని.

ఆవిడ నవ్వలేదు. పక్కకి జరిగి, చెయ్యి చాచి, అంది:

"ఏటి నాయనా, ఆ రోజు నన్ను ఎదగమన్నావు కదా. ఎదిగినాను సూడు. నువ్వే తగ్గిపోనావు."